నా గొంతు తెనాలిది

పోయిన మంగళవారం నా గొంతు పోయింది. ఆ సమయానికి నేను హైదరాబాదులో మా వంటింట్లో నిలబడి మరమరాల ఉగ్గాని తింటున్నాను. ఫోన్ మోగింది. అటువైపు ఒక పాత ఎడిటరు. "కామేశ్వరరావుగారు ఇక లేరండీ" అన్నాడు. ఆ వెంటనే, "మీకేమీ ఇబ్బంది లేదు కదా" అన్నాడు. ఏ రకం ఇబ్బందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. సాయంత్రంలోగా ఇంకో నలుగురు ఫోన్ చేసి నన్ను పరామర్శించారు. పోయినాయన నాకు చుట్టం కాడు, మా ఊరివాడు కాడు, మా జిల్లావాడు కూడా కాడు. తెనాలి ఆయన. కాకపోతే, తెర మీద నేను నోరు తెరిచినప్పుడల్లా, దాదాపు నా బతుకంతా, బయటికి వచ్చింది ఆయన గొంతు. నేను షూటింగులో నా మాటలు నేను చెప్పి ఇంటికి వచ్చేవాణ్ణి. కొన్నాళ్లకు ఆయన తలుపులు బిగించిన ఒక గదిలో నిలబడి, తెర మీద నా పెదాలు చూస్తూ అవే మాటలు మళ్లీ చెప్పేవాడు. జనం విన్నది ఆయన్ని. నా మొహం ఆళ్ళగడ్డది, గొంతు తెనాలిది. మధ్యలో ఉన్న మనిషి ఎక్కడివాడన్నది ఎవరూ తేల్చలేదు.

నేను వేసిన వేషాలు చెప్పుకోదగ్గవే. చెప్పుకుంటే మాత్రం ఎవరికీ గుర్తురావు. గుండె పట్టుకుని కూలబడే హీరోయిన్ తండ్రిని నేను. కళ్లజోడు తీసి తల అడ్డంగా ఊపే డాక్టర్ని నేను. మునసబును, జడ్జిని, ఆఖరి రీలులో మనసు మార్చుకునే మామగారిని. టీవీకి వచ్చాక తాతనయ్యాను. ఒక సీరియల్లో ఏళ్ల తరబడి ఒకే సోఫా మీద కూర్చున్నాను. అది అయిపోగానే ఇంకో సీరియల్ వాళ్లు వచ్చి సోఫాను తీసుకుపోయారు. నన్ను అడగలేదు. ఒకసారి నంద్యాల బస్టాండులో ఒకాయన నన్ను గుర్తుపట్టి, ఫొటో దిగుదామని భార్యను కూడా పిలిచాడు. "ఇట్ల పక్కకు రాప్పా, ఎండ పడతాంది" అన్నాను. ఆయన నా వంక అనుమానంగా చూసి, "కాదులేవే, ఎవరో అట్లాగే ఉన్నాడు" అని ఆమెను వెనక్కి తీసుకుపోయాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. అంతకు చాలా ఏళ్ల ముందే అదే నంద్యాలలో మా జేజి కూడా అదే మాట అన్నది.

ఈ మధ్య కలల్లో నేను కామేశ్వరరావు గొంతుతోనే మాట్లాడుతున్నాను. కలలో ఉండేది మాత్రం మా ఆళ్ళగడ్డ ఇల్లే. అక్కడ నడిమింట్లో ఎప్పుడూ మధ్యాహ్నమే. గోడకు పైన ఉన్న చిన్న కిటికీలోంచి ఒక పలక ఎండ వచ్చి నేల మీద పడి, మెల్లగా జరుగుతూ ఉంటుంది. చెనిక్కాయల పొట్టు, అంటే వేరుశనగ పొట్టు వాసన, పొయ్యి మీంచి దించిన జొన్నరొట్టె వాసన, వీటన్నిటి మీదా సన్నగా రాతిపొడి వాసన. మా ఇంటి వెనకే శిల్పం చెక్కేవాళ్ల కొట్టాలు ఉండేవి. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఉలి మీద సుత్తి పడుతూనే ఉండేది. కొత్తగా వచ్చిన చుట్టాలకు మొదటి రోజు నిద్రపట్టేది కాదు. మాకు అది ఆగితే నిద్రపట్టేది కాదు. ఆ చప్పుడు వింటూ జేజి కొట్టంలో ఏ పని జరుగుతోందో చెప్పేది. విగ్రహం పీటకు కొట్టే దెబ్బ వేరట, ముక్కుకు కొట్టే దెబ్బ వేరట. "ముక్కు కాడికొచ్చినాడు. ఇప్పుడు ఆయప్పను మాట్లాడించగాకండి" అనేది, ఎవరైనా కొట్టం వైపు పోతుంటే.

జేజి అంటే మా నాయనకు అమ్మ. నేను హైస్కూలులో ఉండగానే ఆమెకు చూపు పోయింది. దాన్ని గురించి ఆమె ఎక్కువ మాట్లాడలేదు. చూడవలసినవాళ్లను చాలామందిని అప్పటికే చూసేశాను అన్నట్టు ఉండేది. ఆమెకు లోటు అనిపించింది ఒక్కటే, వారపత్రికలో వచ్చే సీరియల్ నవల. అంతకుముందు పొలం పనులయ్యాక కూడబలుక్కుని తనే చదువుకునేదట. అది నా పని అయింది. మధ్యాహ్నం ఆమె గోడకు ఆనుకుని చెనిక్కాయలు వలుస్తూ ఉంటే, నేను ఎండ పలక పక్కన కూర్చుని చదివేవాణ్ణి. నేను నంద్యాలలో డిగ్రీలో చేరాక కూడా, శనివారం బస్సు దిగి కాళ్లు కడుక్కునే లోపలే పత్రిక చేతికి వచ్చేది. పక్కింటి మద్దిలేటక్క కూడా తన చాట తెచ్చుకుని కూర్చునేది. నేను మామూలుగా చదివితే జేజి ఒప్పుకునేది కాదు.

"ఆయమ్మ ఏడుస్తాందా, జొరమొచ్చిందా?"

"ఏడుస్తాంది జేజీ."

"అట్లయితే ఏడువు. నీకేమన్నా దుడ్లు ఖర్చా?"

నేను ఏడ్చేవాణ్ణి. పోలీసు వస్తే పోలీసునయ్యేవాణ్ణి, అత్త వస్తే అత్తను. కుదరకపోతే మళ్లీ చదివించేది. తర్వాత నేను చాలామంది డైరెక్టర్ల దగ్గర పనిచేశాను. ఏడుపుకూ జ్వరానికీ తేడా అడిగినవాళ్లు తక్కువ.

నంద్యాల కాలేజీలో నాటకాలు వేయించే లెక్చరరు కృష్ణా ఒడ్డు ఆయన. మంచివాడు. నా నోటినుంచి 'పోతాండా' తీసేసి 'వెళ్తున్నాను' పెట్టాలని మూడేళ్లు పాటుపడ్డాడు. నోరు వెళ్తున్నాను అనేది, కాళ్లు మాత్రం పోతాండేవి. విసిగిపోయి ఆయన నాకు మాటల్లేని వేషాలు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఒక నాటకంలో కాపలావాణ్ణి, ఇంకో నాటకంలో శవాన్ని. శవం చాలా సహజంగా ఉందని పేరు వచ్చింది.

డిగ్రీ అయిపోయి, ఏం చేయాలో తోచక ఇంట్లో ఉన్న రోజుల్లో, అహోబిలం దారిలో సినిమా షూటింగు వాళ్లు దిగారు. అందరితో పాటు నేనూ చూడ్డానికి పోయాను. బస్సు కండక్టరు వేషం వేయవలసినాయనకు మా ఆళ్ళగడ్డ మిరపకాయ బజ్జీలు పడక, ఆ రోజు లేవలేకపోయాడు. డైరెక్టరు గుంపులోకి చూసి, కండక్టరు మొహం ఎవరిదని వెతికి, నన్ను పిలిచాడు. నాలుగు మాటలు. ఒక పెద్దాయన వచ్చి బస్సు గురించి అడుగుతాడు. నేను "ఎక్కడికి వెళ్లాలండీ" అనాలి. ఆయన ఊరి పేరు చెప్తాడు. "ఆ ఊరికి బస్సు లేదండీ" అనాలి. ఆయన దిగులుగా చూస్తాడు. "ఉండేది" అనాలి. తర్వాత, "వానలకు దారి కొట్టుకుపోయింది" అనాలి. నేను టికెట్ల పెట్టె భుజాన వేసుకుని, "యాడికి పోవల్లప్పా" అని మొదలుపెట్టాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. డైరెక్టరు నవ్వలేదు. "మొహం బాగుంది. మాట డబ్బింగులో చూసుకుందాం" అన్నాడు. డబ్బింగు అంటే డబ్బుకు సంబంధించిందేమో అనుకుని పొరపాటు పడడానికైనా, మేము డబ్బును దుడ్లు అంటాం కాబట్టి ఆ అవకాశం కూడా నాకు లేకపోయింది. గిన్నెకు కళాయి పూసినట్టు నా మాటకే ఏదో మెరుగు పెడతారనుకున్నాను. పోయేటప్పుడు డైరెక్టరు, మద్రాసు వస్తే కనబడమన్నాడు.

ఇంటికి వచ్చి, "జేజీ, నేను సినిమాలో మాట్లాడినా" అని చెప్పాను. ఆ తప్పు నాది. కనబడినా అని ఉంటే సరిపోయేది.

నాయన నన్ను బ్యాంకు పరీక్ష రాయమంటున్నాడు. నేను మద్రాసు పోతానన్నాను. నాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకుని, "సినిమా నంద్యాలకు రానీ. మీ జేజి ఇంటాది. ఆమె సరే అంటే పో. లేదంటే పరీక్ష రాయి" అన్నాడు. నాకు చాలా న్యాయంగా తోచింది. నా గొంతును ఏడుపుకూ నవ్వుకూ పదును పెట్టిన మనిషే విని తీర్పు చెప్పబోతోంది. అంతకంటే భద్రమైన కోర్టు ఎక్కడుంది?

సినిమా వచ్చింది. జేజి, నేను, మద్దిలేటక్క, మా వీధి వాళ్లు ఒక పదిమంది కలిసి బస్సెక్కి నంద్యాలకు మ్యాట్నీకి పోయాము. జేజి బొరుగుల మూట తెచ్చుకుంది. అందరికంటే ముందు వరసలో కూర్చోబెట్టమంది. "స్పీకర్లు తెర ఎనకే కదా ఉండేది" అంది. అది నిజమే. చీకట్లో ఆమె మొహం తెర వెలుగుతో నీలంగా, తెల్లగా మారుతూ ఉంటే, నేను సినిమా మానేసి ఆమెనే చూస్తూ కూర్చున్నాను. మధ్యలో చెవిలో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. తనే పట్టుకుంటానని దాని అర్థం.

విరామం అయిన కాసేపటికి టికెట్ల పెట్టెతో నేను వచ్చాను. మా వీధి వాళ్లు ఈలలు వేశారు. తెర మీద నేను నోరు తెరిచాను. గంభీరమైన, తీయని, బాగా చదువుకున్న ఒక గొంతు, "ఎక్కడికి వెళ్లాలండీ" అన్నది. అది విని నేనే వెనక్కి తిరిగి చూశాను, ఎవరు మాట్లాడారా అని.

"ఏంది ఈలలు?" అంది జేజి.

"మీ వోడు వచ్చినాడు జేజీ" అంది మద్దిలేటక్క.

"యాడ? ఎవురో గుంటూరాయన మాట్లాడతాండాడు. గమ్మున ఉండండి, మావోడు వచ్చేది ఇనపడదు."

నా నాలుగు మాటలూ అయిపోయాయి. బస్సు పోయింది. సినిమాలో ఇంకా చాలా జరిగింది, నాకేమీ గుర్తులేదు. చివర దీపాలు వెలిగి జనం లేస్తుంటే, జేజి రెండు చేతులతో బెంచీ పట్టుకుని లేవకుండా కూర్చుంది. "ఉండండప్పా. మావోడు ఇంగా రాలే" అంది. హాలు ఊడ్చే ఆమె చీపురుతో దగ్గరికి వచ్చేదాకా అలాగే కూర్చుంది.

బస్సెక్కి ఆళ్ళగడ్డకు వచ్చాము. ఇంటి దగ్గర నాయన గడపలో నిలబడి ఉన్నాడు. "ఎట్లుందిమా" అన్నాడు.

"సినిమా బాగుండాది. వీడు లేడు."

"ఉండాడు జేజీ, నా కండ్లతో నేను చూసినా" అంది మద్దిలేటక్క.

"పోయిన్నెల నా కోడిని పట్టుకోని మీ కోడి అంటివి. నీ కండ్ల సంగతి నాకు చెప్పగాకు."

నేను విషయం చెప్పబోయాను. వేరే ఎవరో నా బదులు మాట్లాడారు అంటే, నాకే అబద్ధంలా వినిపించింది. మనిషి ఒక చోట, మాట ఇంకో చోట ఎందుకుంటాయి? జేజి విన్నట్టే విని, లోపలికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ వారం వారపత్రిక వచ్చింది. నన్ను పిలవలేదు. ఎండ పలక నేల మీద జరుగుతూ పోయి గోడ ఎక్కింది. ఆమె చెనిక్కాయలు వలుస్తూనే ఉంది. నాయన బ్యాంకు దరఖాస్తు తెచ్చి, దాని మీద ఎగిరిపోకుండా ఒక రాయి పెట్టాడు. ఆళ్ళగడ్డలో కావలసినంత రాయి ఉంది.

రెండు నెలలకు, దరఖాస్తు మీద అంటించడానికి ఫొటో తీయించుకుందామని నంద్యాల పోయాను. అక్కడ నాటక పోటీలు జరుగుతున్నాయి. బజారులో నడుస్తుంటే మైకులో నా గొంతు వినిపించింది. తెర మీద నా నోట్లోంచి వచ్చిన గొంతే, "ప్రేక్షక మహాశయులు నిశ్శబ్దంగా ఉండాలి" అంటోంది. ఆ గొంతు వెంటపడి హాలుకు పోయాను. న్యాయనిర్ణేతల బల్ల దగ్గర పొట్టిగా, బట్టతలతో, లాల్చీ వేసుకున్న ఒకాయన ముందు మైకు పెట్టుకుని కూర్చుని టీ చల్లార్చుకుంటున్నాడు. "సార్, నేను ఆ బస్సు కండక్టరును" అన్నాను.

ఆయన నా మొహం కంటే ముందు పెదాల వైపు చూశాడు. "ఓరి, నువ్వా? నిన్ను నేను మర్చిపోతానటయ్యా? నాలుగు ముక్కలకి నన్ను నాలుగు చెరువుల నీళ్లు తాగించావు" అన్నాడు. అలా కామేశ్వరరావు నాకు పరిచయమయ్యాడు. నా కథంతా విని ఆయన నవ్వలేదు. "ఇవాళ్టివి అయితే మళ్లీ రేపు సాయంత్రం దాకా నాకు నాటకాల్లేవు. పొద్దున్నే మీ నాయనమ్మ దగ్గరికి పోదాం" అన్నాడు. అప్పుడు తీయించుకోవలసిన ఫొటో ఇప్పటికీ తీయించుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన మా నడిమింట్లో పీట మీద కూర్చుని జొన్నరొట్టె, చెనిక్కాయల కారం తిన్నాడు. కళ్లనీళ్లు వస్తున్నా బాగుందన్నాడు. ఆ ఒక్క మాటకే చెనిక్కాయలు వలుస్తున్న జేజి చేతులు ఆగాయి.

"బస్సులో మాట్లాడింది నువ్వేనా నాయనా?"

"నేనేనమ్మా. కాకపోతే బస్సులో నేను లేను. మీ మనవడున్నాడు."

ఆయన నెమ్మదిగా మొత్తం చెప్పాడు. చీకటి గది, తెర మీద కదిలే నా పెదాలు, వాటికి సరిపోయేట్టు ఆయన మాట. జేజి అంతా విని, అప్పటినుంచి ఇప్పటివరకు నన్ను నేను అడుగుతూ వస్తున్న ప్రశ్న అడిగింది. "అట్లయితే మావోడు ఆడ ఉండి ఏం చేసినట్టు?"

కామేశ్వరరావు పళ్లెం పక్కకు జరిపాడు. "మాటలు నావమ్మా. ఎప్పుడు మొదలెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఎంతసేపు ఆగాలి, అది మీవాడిది. నాకు నచ్చినట్టు చెప్తే పెదాలకు అతకదు. మీవాడు 'ఉండేది' అన్నాక ఆగాడు. ఎందుకు ఆగాడో ఆ భగవంతుడికి తెలియాలి. ఎన్నిసార్లు చెప్పినా నేను ముందే వచ్చేస్తున్నాను. చివరికి ఊపిరి బిగబట్టి, మీవాడు ఆగినంతసేపూ ఆగాల్సొచ్చింది."

"మావోడు నిలిచినట్లే నిలిచి ఇంగోసారి చెప్పు నాయనా."

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, కళ్లు మూసుకుని చెప్పాడు. ఎక్కడికి వెళ్లాలండీ. ఆ ఊరికి బస్సు లేదండీ. ఉండేది. తర్వాత ఆగాడు. ఆ ఖాళీలోకి వెనక కొట్టంలోంచి ఉలి దెబ్బలు వచ్చి పడ్డాయి. ఒకటి, రెండు, మూడు. వానలకు దారి కొట్టుకుపోయింది.

జేజి మొహం మెల్లగా విచ్చుకుంది. "ఇది మావోడే. ఏదన్నా ఒక మాట చెప్పి, అది నిజమా కాదా అని లోపలికి పోయి చూసుకోని వస్తాడు. చిన్నప్పుడు బువ్వ తింటివా అంటే, తింటి అని చెప్పి అట్లనే నిలిచేటోడు. ఆ పొద్దు నేను గొంతు ఇన్న్యా గానీ, నిలిచింది ఇనలే."

నిజానికి ఆ షాట్‌లో నేను నాలుగో మాట మరిచిపోయాను. అది గుర్తుకు రావడానికి అంతసేపు పట్టింది. ఈ సంగతి ఆ రోజు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. వినవలసినవాళ్లు ఇద్దరూ లేరు.

జేజి నాయనను పిలిచింది. "రామసుబ్బా, వీణ్ణి పోనీ. వీడు మాట్లాడేదానికి వేరే మనిషిని పెట్టుకున్న్యారంటే, వీడు ఏదో ఒకదానికి పనికొచ్చేటోడే." నాయన ఆ తర్కాన్ని రెండు వైపులా తిప్పి చూసుకుని, దరఖాస్తు మీద నుంచి రాయి తీశాడు.

ఇప్పుడు కాలం మారింది. కొత్త పిల్లలు వెబ్ సీరియల్ తీస్తూ, సీమ మాట అచ్చంగా ఉండాలి, మీరే చెప్పాలి సార్ అని నన్ను పిలిచారు. డెబ్బై దాటాక నా గొంతు నాకు తిరిగి వచ్చింది. యాస నేర్పడానికి ఒక కుర్రాణ్ణి కూడా పెట్టారు, భీమవరం నుంచి. నేను 'పోతాండా' అంటే, ఇంకొంచెం గట్టిగా సాగదీయమంటాడు. సౌండు చూసే అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. నిన్న నా సీను వినిపించి, "సార్, ఇక్కడ మధ్యలో ఖాళీ వస్తోంది. కట్ చేసేయనా? జనం ముందుకు జరిపేస్తారు" అని అడిగింది. చేసేయమన్నాను. ఆ అమ్మాయి పని ఆ అమ్మాయిది. చేశాక విన్నాను. మాట నాదే, యాస నాదే, గొంతు నాదే. మా ఊళ్లో నన్ను ఎవరూ గుర్తుపట్టేలా లేదు.

మద్రాసు పోయాక నా రెండో సినిమా వచ్చినప్పుడు నేను ఊళ్లో లేను. అందులోనూ గొంతు కామేశ్వరరావుదే. జేజి మళ్లీ బయలుదేరి నంద్యాల పోయిందట, మద్దిలేటక్క చెయ్యి పట్టుకుని, అదే ముందు వరసకు. అదే ఆమె చూసిన ఆఖరి సినిమా. ఆమె పోయాక, దినాలకు వచ్చినప్పుడు, ఆ రోజు ఎట్లుండె అని మద్దిలేటక్కను అడిగాను.

"సినిమా అంతా గమ్మున కూచునింది. ఒక్క మాట లేదు, ఒక్క బొరుగు నమల్లే. నడుమ యాడో, ఎవురూ మాట్లాడని చోట, నా చెయ్యి గట్టిగా పట్టుకోని, 'వచ్చినాడు' అనింది."

అప్పుడు తెర మీద ఉన్నది నేనేనా అని అడిగాను.

"ఏమో అప్పా. నేను తెర చూల్లే. మీ జేజి మొగం చూస్తాంటి."